మంచుకొండ దిగు విద్య



కొండ యెక్కుట కష్టమనియు, దిగుట సులభమనియు మనలో పలువురు తలంతురు. కాలినడకను తిరుమల యెక్కి, మెట్లవెంటనే మరల దిగినవారు మాత్రము ఆ మాటను అంత తేలికగా ఒప్పుకొనరు. ఎక్కునప్పుడు రొప్పు పుట్టును. దిగునప్పుడు మోకాళ్లు వణకును. ఎక్కువాడు అలసినచో ఒక మెట్టుమీద కూర్చుండి సేదదీరవచ్చును. దిగువానిని కొండయే క్రిందికి లాగుచుండును. ఆ లాగుడును లొంగదీసికొనుచు దిగుటను ఒక విద్యగా పెంచినవారు ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతప్రాంతమువారు. కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకొని మంచువాలుమీద జారు ఆ క్రీడకు స్కీయింగు అని పేరు. ఆ క్రీడనంతటిని నేడు వర్ణింపబూనను. ఒక్క కొండను, ఒక్క వాలును తీసికొని, ప్రారంభదశ దాటినవాడేగాని వీరుడు కానివాడొకడు దానిమీద పైనుండి క్రిందివరకు ఎట్లు క్షేమముగా దిగునో, అందలి చిక్కు ఎక్కడ నున్నదో మనవి చేసెదను.

స్విట్జర్లండు దేశమున, బెర్న్ రాష్ట్రపు ఎగువసీమలో వెంగెన్ అను చిన్న యూరు కలదు. లౌటర్‌బ్రున్నెన్ అను లోతైన లోయకు పైన, కొండచరియమీద అరుగువలె నున్న తావున, సముద్రమట్టమునకు సుమారు 1,270 మీటర్ల యెత్తున అది వెలసియున్నది. ఆ యూరివీథులలో మోటారుబండ్ల సంచారము లేదు. లోయనుండి పండ్లచక్రముల రైలు జనమును పైకి చేర్చును. 1893లో నడవనారంభించిన ఆ రైలు వెంగెన్ దాటి, 2,061 మీటర్ల యెత్తుననున్న క్లైన షైడెగ్ అను కనుమవరకు పోవును. అచ్చట ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ అను మూడు మహాశిఖరములు వరుసగా ఎదుట నిలుచును. ఆ కనుమకు ప్రక్కనున్నదే లౌబర్‌హార్న్ అను 2,472 మీటర్ల శిఖరము. దాని భుజమునుండి వెంగెన్ పొలిమేరవరకు దిగు మంచుబాటయే నేటి మన విషయము.

ఈ బాటమీద 1930లో పందెములు ఆరంభమైనవి. పందెము మొదలగు స్థలము 2,315 మీటర్ల యెత్తున, ముగియు స్థలము 1,287 మీటర్ల యెత్తున ఉన్నవి. నడుమ దూరము సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ప్రపంచకప్పు దిగుడుపందెములలో దీనికన్న పొడవైనది మరియొకటి లేదు. పందెములు జరుగని దినములలో ఇదే త్రోవను సామాన్యులును దిగుదురు.

ఆల్ప్స్ సీమలో మంచుబాటలకు రంగులతో తరగతులు ఏర్పరచినారు. సమతలముగా నూరు మీటర్లు ముందుకు పోవునప్పటికి ఇరువదియైదు మీటర్లకు మించి దిగనిది నీలిబాట, అది క్రొత్తవారిది. నలువది మీటర్లవరకు దిగునది ఎఱ్ఱబాట. అంతకు మించినది నల్లబాట. లౌబర్‌హార్న్ త్రోవలో పెద్దభాగము ఎఱ్ఱబాట వాలు గలది. నడుమ నడుమ నలుపునకు తగిన నిట్టవాలులు తగులుచుండును. కావున నీలిబాటమీద ధైర్యము వచ్చినవాడు తన నేర్పు ఎంతటిదో తెలిసికొనుటకు ఇట్టి త్రోవకే వచ్చును. ఐనను ఒక మాట గుర్తుంచుకొనవలెను. రంగు వాలును మాత్రమే చెప్పును. ఆనాటి మంచు సంగతి చెప్పదు. రాత్రి క్రొత్తమంచు కురిసిన ఉదయమున మెత్తని పఱుపువలె నుండు ఎఱ్ఱబాటయే, పగటి యెండకు కరగి, రాత్రిచలికి గడ్డకట్టిన మరునాడు గాజుపలకవలె నుండును.

ఇక నొక లెక్క చెప్పెదను. డెబ్బది కిలోగ్రాముల బరువుగల మనుష్యుడు ఈ త్రోవ మొదట నిలిచినాడనుకొందము. అతనికిని త్రోవ చివరకును నడుమ 1,028 మీటర్ల యెత్తు కలదు. రైలును, తీగలకు వ్రేలాడుచు నడచు కుర్చీలును అతనిని పైకి మోసినప్పుడు, ఆ యెత్తునకు తగిన శక్తిని అతనియందు నిలువచేసినవి. రెండు లీటర్ల చన్నీటిని తెరలబెట్టుటకు అది చాలును. ఇంతేకదా యని తోచవచ్చును. కాని మంచుయొక్కయు, గాలియొక్కయు అడ్డు బొత్తిగా లేక ఆ శక్తియంతయు వేగముగా మారినచో, క్రిందికి చేరునప్పటికి అతడు గంటకు 500 కిలోమీటర్లకు మించిన వేగముతో నుండును. కావున కొండమీద నిలిచినవాడు అప్పు తీసికొన్నవానివంటివాడు. దిగువరకు ఆ యప్పును కొంచెము కొంచెముగా మంచునకును, గాలికిని చెల్లించుకొనుచు పోవలెను. చెల్లింపక కూడబెట్టుకొన్నవానినుండి కొండ ఒక్కమారుగా వసూలుచేయును. అప్పుడది ఎముకలనుండి రాబట్టుకొనును.

వేగము రెండింతలైనప్పుడు ఆ బాకీ రెండింతలు కాదు, నాలుగింత లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో దేనికైనను తగులుట ఆరు మీటర్ల యెత్తునుండి, అనగా రెండంతస్తుల మేడమీదినుండి పడుటతో సమానము. 80 కిలోమీటర్ల వేగముతో తగులుట ఇరువదియైదు మీటర్ల యెత్తునుండి పడుటతో సమానము. వాలుమీద ఆ రెంటికిని నడుమ పట్టుకాలము కొన్ని క్షణములు మాత్రమే.

పూర్వము ఈ క్రీడాకారులు పైకి పోవుటకు యంత్రములు లేవు. పలకల అడుగున తోలుపట్టీలు కట్టుకొని, సగము దినము ఎక్కి, ఒక్కమారు దిగెడివారు. ఎక్కునప్పుడే మంచు ఎచ్చట గట్టిగా నున్నదో, ఎచ్చట గుంట యున్నదో కాలికి తెలిసెడిది. తరువాత శీతకాలమునందును రైలు నడువగా, ఎక్కు శ్రమ తప్పి, దిగుటయే క్రీడయైనది. 1925లో వెంగెన్ నందు ఆంగ్లేయులు స్థాపించిన క్లబ్బునకు 'డౌన్‌హిల్ ఓన్లీ' అని, అనగా 'దిగుట మాత్రమే' అని పేరు పెట్టుకొన్నారు. ఆ పేరు పరిహాసముగా తోచినను, అందొక హెచ్చరికయు నున్నది. కాలితో ఎక్కినవాడు కొండను తెలిసికొని దిగును. రైలెక్కి వచ్చినవానికి యెత్తు దొరకును గాని కొండతోడి పరిచయము దొరకదు. ఆ పరిచయమును అతడు దిగుచునే సంపాదించుకొనవలెను.

ఈ కథకు మన దక్షిణదేశముతో నొక సంబంధము కలదు. వెంగెన్ కెదురుగా, అదే లోయకు ఆవలిగట్టున మ్యూరెన్ అను గ్రామము కలదు. నేడు లోకమంతట జరుగు స్లాలమ్ పందెమునకు రూపమిచ్చిన ఆర్నాల్డ్ లన్ అను ఆంగ్లేయుడు 1922 జనవరిలో అచ్చటనే దానిని తొలిసారి నడిపెను. ఆయన 1888లో మన మద్రాసు నగరమున జన్మించినవాడు. తండ్రి అప్పు డచ్చట మతప్రచారకుడుగా నుండెను. 1909లో వేల్స్ దేశపు కొండమీదినుండి పడగా ఆయన కాలు విరిగి, కురుచయై, చిరకాలము బాధించెను. ఐనను ఆయన మంచును విడువలేదు. అంతకు మునుపు జారువాని మలుపులలోని సొగసును చూచి మార్కులు వేసెడివారు. లన్ గారు మంచులో జంటలుగా జెండాలు పాతించి, వానినడుమ తప్పక దూరి, ఎవడు త్వరగా క్రిందికి చేరునో వాడే గెలిచినవాడని నియమించిరి. మలుపు అలంకారముకొఱకు గాక, వేగమును చేతిలో నుంచుకొనుటకే యున్నదను భావము ఆ నియమముతో స్థిరపడినది. 1931లో ఈ పద్ధతి పందెములకు తొలి ప్రపంచపోటీలు మ్యూరెన్ లోనే జరిగినవి.

సరి, ఆ మలుపు ఎట్లు కలుగునో చూతము. స్కీపలక మంచుమీద జారునప్పుడు రాపిడివేడికి అడుగున మిక్కిలి పలుచని నీటిపొర పుట్టును. ఆ పొరయే పలకను జార్చును. పలకను బల్లపరుపుగా నుంచినచో అది జారును. ఓరగా వంచి అంచుతో మంచును కోయించినచో అది పట్టుకొనును. ఈ యంచులకు ఉక్కు తాపడము చేయు పద్ధతిని ఆస్ట్రియా దేశస్థుడైన రుడాల్ఫ్ లెట్నర్ 1926లో కనిపెట్టెను. అంతకుముందు కొయ్యయంచు గట్టిమంచుమీద నిలిచెడిది కాదు. పలక రెండుకొనలయందు వెడల్పుగను, నడుమున సన్నముగను ఉండును. ఓరగా వంచి, బరువు మోపినచో అది విల్లువలె వంగి, ఆ వంపువెంటనే తిరుగును. 1990 ప్రాంతమునుండి ఈ నడుము మఱింత సన్నమైనందున మలుపు నేర్చుకొనుట సులభమైనది.

క్రొత్తవాడు మొదట నేర్చునది నాగలిరీతి. పలకల ముందుకొనలను దగ్గరచేసి, వెనుకకొనలను ఎడముచేసి, రెండంచులతోను మంచును దున్నుచు మెల్లగా దిగుట. నీలిబాటమీద ఇది చాలును. ఎఱ్ఱబాట నిట్టవాలున నాగలి నిలువదు. తొడలు కొంతసేపటికి మంటలెత్తి, కాళ్లు స్వాధీనము తప్పును. అచ్చట రెండు పలకలను జోడెడ్లవలె సమముగా నడుపుచు, వాలుకు అడ్డముగా పోయి, తిరిగి, మరల అడ్డముగా పోవలెను. ప్రతి మలుపునందును బరువు వెలుపలి కాలిమీద, అనగా మలుపు ముగియునప్పటికి లోయవైపున నుండు కాలిమీద నిలువవలెను.

వినుటకు సులభముగా నున్న దీనియందే విద్య సారమంతయు నున్నది. నిట్టవాలున నిలిచి క్రిందికి చూచినవాని శరీరము, తనంతట తాను, వెనుకకు కొండవైపునకు ఒరుగును. మెట్లు దిగువానికి ఆ యొరగుట రక్షణయే. మంచుమీద అదియే చేటు తెచ్చును. వెనుకకు వాలినచో పలకల ముందుకొనలు తేలికపడి మంచును పట్టవు, పట్టనిదే తిరుగవు, తిరుగని పలకలు సూటిగా లోయవైపునకు దూసికొనిపోవును. ప్రక్కకు కొండవైపు వాలినచో, లోయవైపు కాలిమీది బరువు తప్పి, దాని యంచు పట్టు విడుచును. భయపడి కొండను కౌగిలించుకొనబోయినవానినే కొండ త్రోసివేయును. కావున గురువులు, జోళ్లముందుభాగమునకు ముంగాలి యెముక ఆనునట్లు ముందుకు వంగుమనియు, రొమ్మును చేతులను లోయవైపు ఉంచుమనియు బోధింతురు.

మఱియు ప్రతి మలుపు నడుమను ఒక్క క్షణము పలకలు రెండును సూటిగా లోయను చూచును. ఆ క్షణమున వేగము పెరుగును, మనస్సు వద్దనును. ఆ క్షణమును దాటనిది మలుపు లేదు. సగములో జంకి వెనుదీసినవాడు అచ్చటనే పడును. ఒప్పుకొని దానిని దాటినవానికి పలకలు తిరిగి, వాలుకు అడ్డమువచ్చి, వేగము తగ్గును. పడిపోవు దిక్కునకు మొదట సమ్మతించినవానికే నిలువగల యధికారము లభించును.

ఇప్పుడు లౌబర్‌హార్న్ త్రోవ దిగుదము. పైభాగము విశాలము, ఐగర్ ముఖము ఎదుట నుండును. చోటు కలదని ఇచ్చట వేగము పెంచుకొనుట తగదు. తొలి నాలుగైదు మలుపులు మంచును పరీక్షించుటకే వినియోగింపవలెను. అంచుక్రింద మంచు గరగరమనినచో అది గడ్డకట్టినది. మెత్తని నిట్టూర్పు వినబడినచో పట్టు దొరకునని యర్థము. దాని ననుసరించి ఆనాటి మలుపుల కొలత నిశ్చయించుకొనవలెను.

తరువాత వచ్చునది హుండ్‌షోప్ఫ్, అనగా కుక్కతల. రాతిగట్టు ప్రక్కన ఇరుకైన సందు. దాని యావల నేల చటుక్కున క్రిందికి తెగియుండును. పందెగాండ్రు ఇచ్చట గాలిలోనికి ఎగిరి దాటుదురు. సామాన్యుడు పైననే నిలిచి, ఆవలివైపు చూచుకొని, పలకలను వాలుకు పూర్తిగా అడ్డముంచి, అంచులను ఇంచుక సడలించుచు, మరల బిగించుచు ప్రక్కకు జారి దిగును. బావిలోనికి చేదను విడుచునప్పుడు త్రాటిని పిడికిట సడలించుచు బిగించుచు విడుతుము గదా, అట్టిదే ఈ దిగుట. దీనిని తెలియనివారు చిన్నతనముగా నెంతురు. నిజమునకు ఇది చేతనైనవాడే ఎట్టి నిట్టవాలునుండియైనను క్షేమముగా బయటపడును.

అటుపైని, స్విస్ వీరుడైన బ్రూనో కెర్నెన్ పేరుతో పిలువబడు జంటమలుపు వచ్చును. ఇరుకుత్రోవలో ఒక వైపునకు తిరిగి, తిరిగినదే తడవుగా రెండవ వైపునకు తిరుగవలెను. మొదటి మలుపులో వేగము తగ్గించుకొననివానికి రెండవదానియందు చోటు చాలదు. అప్పు చెల్లించు వేళ మలుపునకు ముందే యని ఈ తావు బోధించును.

పిదప లాంగెన్‌ట్రేయెన్ అను పొడుగాటి చదునుబాట. ఇచ్చట గుణపాఠము తలక్రిందులగును. భయముచేత అడుగడుగునకు కళ్లెము బిగించుకొని వచ్చినవానికి ఇచ్చట వేగము చాలక, చేతికఱ్ఱలతో త్రోసికొనుచు నడువవలసివచ్చును. చెల్లించుటయందును కొలత యుండవలెను. చదును దాటిన పిదప త్రోవ రైలుకట్ట క్రిందుగా దూరిపోవును. దాని యావల హానెగ్ అను నిట్టవాలు. 2013లో ఫ్రాన్సు దేశపు జోహాన్ క్లారే ఈ వాలున గంటకు 161.9 కిలోమీటర్ల వేగము నందెను. నూరు మీటర్ల గోపురమునుండి పడువాడు నేలకు చేరునప్పటి వేగ మింతయే.

చివరిది 'ట్సీల్ ఎస్' అను, గమ్యమునకు ముందున్న వంకరత్రోవ. ఊరు కన్నుల కగపడును. పని యైపోయినదని మనస్సు తలచును. కాని ఆపాటికి కాళ్లయందు బలము మిగిలియుండదు. 1991 జనవరిలో ఆస్ట్రియా దేశపు యువకుడు గెర్నోట్ రైన్‌స్టాడ్లర్, ఇరువది యేండ్లవాడు, పందెమునకు ముందు జరిగిన అర్హతపరీక్షలో ఈ చోటనే పట్టు తప్పెను. అతని పలక రక్షణవలలో చిక్కుకొనెను. ఆ గాయములచేతనే అతడు మరణించెను. ఆ యేటి పందెమును మానివేసిరి. గమ్యము ఎదుట నుండగా జరిగిన ఆ మరణమును తలచినప్పుడు, ఎంతటి నేర్పరికైనను కొండ బాకీలో రాయితీ లేదని తెలియును. సామాన్యుని కిందలి పాఠ మిది: కాళ్లు వణకనారంభించిన పిమ్మట 'ఇంకొక్కసారి' అని పైకి పోరాదు. ఆ దినపు కడపటి దిగుడును ఓపిక యుండగనే దిగవలెను.

త్రోవమీద ఒంటరిగా నుండము గనుక ధర్మములును కొన్ని కలవు. అంతర్జాతీయ స్కీసమాఖ్య 1967లో తొలుత ప్రకటించిన నియమములు నేటికిని కొన్ని మార్పులతో నడచుచున్నవి. పైనుండి వచ్చువాడు క్రిందివానికి అపాయము కలుగని త్రోవ నెన్నుకొనవలెను. క్రిందివానికి వెనుక కన్నులు లేవుగదా! ఇరుకుచోట, మలుపుచాటున నిలువరాదు. పడినవాడు వీలైనంత త్వరగా ప్రక్కకు తొలగవలెను. నిలిచినవాడు మరల బయలుదేరునప్పుడు పైకిని క్రిందికిని చూడవలెను. ప్రమాదము జరిగినచోట సాయపడుట ప్రతివాని విధి. మన నేర్పునకును, ఆనాటి మంచునకును తగిన వేగమునే పాటింపవలెనను నియమము వీనియన్నిటికిని మూలము.

ఇంకొక్క సంగతి. శీతకాలములు వెచ్చబడుచున్నందున, ఆల్ప్స్ పర్వతముల దిగువవాలులమీద సహజమైన మంచు చాలుట లేదు. చలిరాత్రులయందు యంత్రములతో నీటిని గాలిలోనికి తుంపరలుగా చిమ్మి మంచు చేయుచున్నారు. ఆకసమునుండి రాలినది రేకులుగా నుండును. యంత్రమునుండి రాలినది చిన్న గుండ్రని పలుకులుగా నుండి, దట్టముగా కూరుకొని, గట్టిపడును. కావున యంత్రపుమంచుబాట సహజమైనదానికన్న కఠినముగను, వేగముగను ఉండుట కలదు. పూర్వపువారి మెత్తనిమంచును తలచుకొని నేటి త్రోవమీదికి పోవువాడు ఈ తేడాను లెక్కలోనికి తీసికొనవలెను.

మనలో చాలమందికి మంచువాలు త్రొక్కు అవసరము కలుగకపోవచ్చును. ఐనను ఈ విద్యయందు ఎల్లరకు పనికివచ్చునది యొకటి కలదు. ఎత్తును ఇతరులు మనకు ఇయ్యగలరు. రైలు ఇయ్యగలదు, యంత్రము ఇయ్యగలదు. దానినుండి క్షేమముగా దిగు నేర్పును మాత్రము ఎవరును ఇయ్యలేరు. అది మలుపు మలుపునకు, ఎవరికి వారు, భయమునకు లోబడకయు భయమును మఱువకయు సంపాదించుకొనవలసినది.

ఇంతటితో విరమించుచున్నాను.